ఒకే గదిలో ప్రిన్సిపాల్, పోలీసు: అమెరికా స్కూలు నుంచి ఒక కేస్ స్టడీ

నేను అమెరికాలో ఒక పబ్లిక్ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో, అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థలో, స్కూల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. పిల్లల చదువు, ప్రవర్తన పరీక్షలు చేయడం నా రోజువారీ పని. దాంతోపాటు ఎవరైనా విద్యార్థి బెదిరింపు మాట అన్నాడని తెలిస్తే, అది ఎంత ప్రమాదకరమో తేల్చే థ్రెట్ అసెస్‌మెంట్ టీములో కూడా ఉంటాను. ఈ కేసు రాయడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది. రాష్ట్రం, ఊరు, స్కూలు, సంవత్సరం చెప్పను. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని మార్చాను. జరిగిన క్రమాన్ని, ఒక్కో నిర్ణయం వెనక ఉన్న ఆలోచనను మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

స్కూల్లో పోలీసు ఉండాలా అని మన తెలుగు తల్లిదండ్రులను అడిగితే ఎక్కువమంది వెంటనే "ఉండాలి" అంటారు. తుపాకుల భయం ఉన్న దేశంలో ఆ జవాబు నాకు అర్థమవుతుంది. కానీ ఉన్న పోలీసు రోజూ ఏం చేస్తున్నాడు, మా పిల్లవాణ్ని కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగితే ఏ అధికారంతో అడుగుతున్నాడు అన్నంత దూరం మన ఆలోచన పోదు. ఈ కుటుంబానికి ఆ ప్రశ్న అనుకోకుండా ఎదురైంది.

నేపథ్యం

స్కూళ్లలో పోలీసులను ఉంచడం 1950లలో మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ నగరంలో మొదలైందని చెబుతారు. 1999లో కొలంబైన్ హైస్కూల్ కాల్పుల తర్వాత కేంద్ర ప్రభుత్వం డబ్బులివ్వడంతో ఇది దేశమంతా పాకింది. వీళ్లను స్కూల్ రిసోర్స్ ఆఫీసర్ అంటారు, పొట్టిగా ఎస్ఆర్ఓ. చాలాచోట్ల జీతం, పై అధికారి, యూనిఫాం, తుపాకీ పోలీసు శాఖవి. కూర్చునే గది మాత్రం స్కూలుది. ఈ అధికారుల జాతీయ సంఘం వాళ్ల పనిని మూడు పాత్రలుగా చెబుతుంది: పోలీసు, బోధకుడు, పిల్లలకు సలహాలిచ్చే పెద్దమనిషి. కాగితం మీద బాగానే ఉంటుంది. నా అనుభవంలో చిక్కు అక్కడే మొదలవుతుంది. సలహాదారు అనుకుని పిల్లవాడు చెప్పిన మాటని పోలీసు మర్చిపోలేడు.

మా డిస్ట్రిక్ట్‌లోని ఒక మిడిల్ స్కూల్లో ఈ కేసు జరిగింది. అక్కడి ఆఫీసర్ మంచివాడు. పిల్లల పేర్లు తెలుసు, లంచ్ టైంలో వాళ్లతో బాస్కెట్‌బాల్ ఆడతాడు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, కథలో చెడ్డ పోలీసు ఒకడుంటే చదివేవాళ్లకి పని తేలికవుతుంది. ఇక్కడ అలాంటివాడు లేడు.

పిల్లవాడికి 13 ఏళ్లు, ఏడో గ్రేడ్. ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత కుదరకపోవడం, తొందరపాటు ఉండే సమస్య, ఉంది. దానికి స్కూల్లో 504 ప్లాన్ ఉంది, అంటే వైకల్యం ఉన్న పిల్లలకు ఇచ్చే సౌకర్యాలు, పరీక్షల్లో అదనపు సమయం, మధ్యలో లేచి నడవడానికి అనుమతి లాంటివి. తల్లిదండ్రులిద్దరూ ఐటీ ఉద్యోగులు. తండ్రి హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద, పిల్లవాడు దాని మీద ఆధారపడ్డ హెచ్-4 మీద ఉన్నారు. గ్రీన్ కార్డ్ లైన్‌లో ఏళ్లుగా ఎదురుచూస్తున్న ఇల్లు. ఆ సమయానికి అమ్మమ్మ కూడా వచ్చి ఉంది.

ఏం జరిగింది

ఒక రాత్రి స్నేహితుల గ్రూప్ చాట్‌లో ఇతను ఒక మెసేజ్ పెట్టాడు. రేపు స్కూలుకి ఎవరూ రాకపోతే మంచిది అని, పక్కన తుపాకీ బొమ్మ. గ్రూపులో ఉన్న ఒక పాప తల్లి అది చూసి, స్క్రీన్‌షాట్ తీసి, అనుమానాలు తెలియజేయడానికి స్కూలు పెట్టిన టిప్ లైన్‌కి పంపింది. ఆమె చేసింది సరైన పని. 2002లో అమెరికా సీక్రెట్ సర్వీస్, విద్యాశాఖ కలిసి 37 స్కూలు దాడులను పరిశీలించి నివేదిక ఇచ్చాయి. దాడి చేసినవాళ్లలో ఎక్కువమంది తమ ఆలోచనను ముందే ఎవరో ఒకరికి చెప్పారని అందులో తేలింది. కాబట్టి ఇలాంటి మెసేజ్‌ని "పిల్లలు కదా" అని వదిలేయమని నేను ఎవరికీ చెప్పను.

మర్నాడు ఫస్ట్ పీరియడ్‌లోనే పిల్లవాణ్ని బయటికి పిలిచారు. వైస్ ప్రిన్సిపాల్ గదిలో ఆమె, పక్కన యూనిఫాంలో ఆఫీసర్. తలుపు మూశారు. గంటకు పైగా ఇద్దరూ మార్చి మార్చి ప్రశ్నలడిగారు. చివర్లో కాగితం ఇచ్చి, నిజం రాసేస్తే తొందరగా అయిపోతుందన్నారు. "నేను స్కూల్‌ని బెదిరించాను. సారీ" అని రాసి సంతకం పెట్టాడు. ఆ తర్వాతే తల్లికి ఫోన్ వెళ్లింది.

ఆ కాగితం రెండు దారుల్లో పోయింది. స్కూలు దాని ఆధారంగా సస్పెండ్ చేసి, క్రమశిక్షణ చర్య కింద పిల్లల్ని పంపే ఆల్టర్నేటివ్ స్కూల్‌కి మార్చే ప్రక్రియ మొదలుపెట్టింది. పోలీసు శాఖ అదే కాగితంతో, మైనర్ల కేసులు చూసే జువెనైల్ కోర్టుకి రిపోర్టు రాసింది. పిల్లవాడికి ఏడీహెచ్‌డీ ఉన్న సంగతి కూడా అందులోకి ఎక్కింది. సాయంత్రం ఇద్దరు పోలీసులు ఇంటికొచ్చి, తుపాకులేమైనా ఉన్నాయా, ఒకసారి ఇల్లు చూడొచ్చా అన్నారు. తండ్రి తలుపు తీసి లోపలికి రమ్మన్నాడు, టీ తాగుతారా అని కూడా అడిగాడు. తుపాకీ లేదు. వాళ్లు మర్యాదగానే చూసి వెళ్లిపోయారు. కానీ పక్కింటి వాళ్లందరూ ఆ కారుని చూశారు.

కేసు నా దగ్గరికి వచ్చేసరికి

సస్పెన్షన్ ముగిసినా పిల్లవాడు స్కూలుకి రాలేదు. ఉదయం కడుపునొప్పి, వాంతులు. సైరన్ వినిపిస్తే గదిలోకి వెళ్లి తలుపేసుకుంటున్నాడు. డిస్ట్రిక్ట్ ఆఫీసు నుంచి నాకు వచ్చిన కాగితంలో సమస్యని "హాజరు" అని రాశారు. తల్లిదండ్రులకి హాజరు కన్నా పేరు మీద పడ్డ మచ్చ పెద్దది. అమ్మమ్మది ఒకటే మాట: "పోలీసులు గడప తొక్కాక ఇంకేం పరువమ్మా."

మొదటి రోజు నేను వాళ్లకి చెప్పిన మొదటి విషయం, నేను స్కూలు మనిషిననే. నేను తెలుగులో మాట్లాడగానే తల్లి కళ్లలో కనిపించిన నమ్మకం నన్ను జాగ్రత్త పడేలా చేసింది. మనవాళ్లే కదా అని ఆమె అన్నీ చెప్పేస్తుంది. ప్రమాదానికి సంబంధించిన సంగతి ఏదైనా వస్తే నేను దాచలేను. అందుకే ఏది నా దగ్గరే ఉంటుందో, ఏది టీముకి చెప్పాలో ముందే విడమర్చి చెప్పాను. పిల్లవాడికి జరిగిందేమిటంటే, తాను ఎవరితో మాట్లాడుతున్నాడో, ఆ మాట ఎక్కడికి పోతుందో తెలియకుండా మాట్లాడాడు. అతనికి సాయం చేయడానికి వచ్చి నేనూ అదే పని చేయకూడదు.

తండ్రి అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ చాలా ఇళ్లలో వినిపిస్తుంది. "లాయర్‌ని పెడితే తప్పు చేశామని ఒప్పుకున్నట్టే కదండీ?" పిల్లలకి కూడా లాయర్ హక్కు ఉందని ఇక్కడి సుప్రీం కోర్టు 1967లో గాల్ట్ కేసులోనే చెప్పిందని వివరించాను. జువెనైల్ కేసులు చూసే లాయర్‌తో ఒకసారి, ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో విడిగా ఒకసారి మాట్లాడమన్నాను. డిస్ట్రిక్ట్ జీతం తీసుకుంటూ డిస్ట్రిక్ట్ మీదికి లాయర్‌ని పంపినట్టు అవుతుందా అని ఆలోచించాను. కానీ పిల్లవాడి ముందున్నది కోర్టు వ్యవహారం. దాన్ని స్కూలు మనిషి సలహాతో నడపడం వాళ్లకి నష్టం. నా పై అధికారికి కూడా ఆ మాటే చెప్పాను.

ఇమ్మిగ్రేషన్ భయం గురించి ఒక మాట. జువెనైల్ కోర్టు తీర్పుని ఇమ్మిగ్రేషన్ చట్టం సాధారణంగా నేర నిర్ధారణగా లెక్కించదు. మాదకద్రవ్యాల విషయం వస్తే, లేదా కేసుని పెద్దవాళ్ల కోర్టుకి మారిస్తే లెక్క వేరు. వీసా కోసం నింపే డీఎస్-160 ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న కూడా ఉంటుంది. అందుకే అరెస్టు జరిగిందా, రిపోర్టు మాత్రమేనా అన్నది కాగితం మీద తెలుసుకోవాలి. ఈ కేసులో అరెస్టు జరగలేదు. ఆ ఒక్క సంగతి తెలియడానికే తల్లిదండ్రులు ఎన్నో రాత్రులు నిద్ర లేకుండా గడిపారు.

ఆ గదిలో ఏ చట్టం నడిచింది

కేసు ఫైలు చదువుతూ నేను ఎక్కువసేపు ఆగింది ఆ గంట దగ్గర. స్కూలు అధికారికి విద్యార్థి మీద చాలా వెసులుబాటు ఉంది. 1985లో న్యూజెర్సీ వర్సెస్ టీఎల్ఓ కేసులో సుప్రీం కోర్టు, విద్యార్థి బ్యాగు, వస్తువులు సోదా చేయడానికి పోలీసుకి కావలసినంత బలమైన కారణం స్కూలుకి అక్కర్లేదని, సహేతుకమైన అనుమానం చాలని చెప్పింది. ప్రశ్నలడిగేటప్పుడు ప్రిన్సిపాల్ మిరాండా హక్కులు, అంటే మౌనంగా ఉండొచ్చు, లాయర్‌ని అడగొచ్చు అన్నవి, చదివి వినిపించాల్సిన పని కూడా లేదు. పోలీసుకి మామూలుగా ఆ వెసులుబాటు లేదు. కానీ అతని చేతిలోని కాగితం కోర్టు దాకా పోగలదు.

ఇద్దరూ ఒకే గదిలో కూర్చుంటే ఏమవుతుంది? స్కూలుకున్న వెసులుబాటుతో మాట బయటికి వస్తుంది, పోలీసుకున్న బలంతో ఆ మాట కోర్టుకి పోతుంది. ఎవరూ కుట్ర చేయక్కర్లేదు. కుర్చీలు అలా వేస్తే చాలు.

దీని మీద సుప్రీం కోర్టు 2011లో ఒక తీర్పిచ్చింది, జేడీబీ వర్సెస్ నార్త్ కరోలినా. అందులోనూ ఏడో గ్రేడ్ చదివే 13 ఏళ్ల పిల్లవాడే. యూనిఫాంలో ఉన్న పోలీసు క్లాసు నుంచి తీసుకెళ్లాడు. మూసిన గదిలో పోలీసులు, స్కూలు అధికారులు కలిసి ప్రశ్నించారు. అతన్ని పెంచుతున్న అమ్మమ్మకి ఫోన్ చేయలేదు. పిల్లవాడు కస్టడీలో, అంటే లేచి వెళ్లిపోలేని పోలీసు అదుపులో, ఉన్నాడా అని (ఉంటేనే పోలీసు మిరాండా హక్కులు చెప్పాలి) తేల్చేటప్పుడు వయసుని లెక్కలోకి తీసుకోవాలని కోర్టు 5-4 మెజారిటీతో చెప్పింది. నువ్వు లేచి వెళ్లిపోవచ్చు అన్నా వెళ్లలేని వయసది. అందులోనూ పెద్దలు అడిగితే జవాబు చెప్పాలి, ముందు సారీ చెప్పాలి అని నేర్పి పెంచిన ఇంట్లో పిల్లవాడికి ఆ గది ఇంకా ఇరుకవుతుంది. నువ్వెందుకు అలా రాశావని నేను తర్వాత అడిగితే అతను చెప్పిన జవాబు: "అలా రాస్తే వాళ్లు హ్యాపీ అవుతారనుకున్నాను మిస్."

చేసి చూసినవి, పనిచేయనివి

స్కూలు మొదట ప్రయత్నించింది ఆఫీసర్‌తో స్నేహపూర్వక పరిచయం. పోలీసంటే భయం పట్టుకుంది కాబట్టి అదే మనిషి నవ్వుతూ మాట్లాడితే పోతుందని ఆలోచన. లైబ్రరీలో కూర్చోబెట్టారు. ఆఫీసర్ మనస్ఫూర్తిగా మాట్లాడాడు, నీ మీద నాకేం కోపం లేదన్నాడు. పిల్లవాడు తలూపాడు. ఇంటికెళ్లాక మళ్లీ వాంతులు. ఆ మనిషికి కోపం ఉందేమో అన్నది ఈ పిల్లవాడి భయం కాదు. తానేం మాట్లాడినా అది కాగితమవుతుందన్నది అతని భయం. కేసు ఇంకా జువెనైల్ ఆఫీసులో తేలకుండా ఉంది, ఆ లైబ్రరీ మాటలు కూడా అందులోకి పోవచ్చు. అంటే అతని భయానికి ఆధారం ఉంది. ఆధారం ఉన్న భయాన్ని నవ్వుతో తగ్గించాలని చూస్తే పిల్లలు మనల్ని నమ్మడం మానేస్తారు.

రెండోది ఇంటి దగ్గర చదువు. తల్లిదండ్రులే అడిగారు, స్కూలూ సంతోషంగా ఒప్పుకుంది. కొద్దిరోజులు కడుపునొప్పి తగ్గింది. తర్వాత స్కూలు ఉన్న వీధిలోకి కారు తిరిగితేనే నొప్పి మొదలైంది. తప్పించుకున్న కొద్దీ ఆందోళన పెరుగుతుందని మా వృత్తిలో అందరికీ తెలిసిన విషయమే, కానీ అప్పటికి కేసు తేలలేదు కాబట్టి అంతకన్నా చెప్పుకోదగ్గ దారి కనబడలేదు.

మూడోది బహిరంగ సమావేశం. స్క్రీన్‌షాట్ ఊరంతా తిరిగింది. పోలీసుని తీసేయాలని కొందరు, ఇంకొకర్ని కూడా పెట్టాలని కొందరు. స్కూల్ బోర్డు తల్లిదండ్రులను పిలిచింది, పోలీసు చీఫ్ వచ్చాడు. అక్కడ ఒకే సంఘటనను రెండు వర్గాలూ వాడుకోవడం చూశాను. 2022 మేలో టెక్సస్‌లోని యువాల్డీలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. అందుకే పోలీసు కావాలన్నారొకరు. అక్కడికి 376 మంది అధికారులు వచ్చినా 77 నిమిషాలు ఆగిపోయారు కదా అన్నారు ఇంకొకరు. నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్‌ని పోలీసు హత్య చేశాక 2020లో మినియాపోలిస్, డెన్వర్ స్కూలు బోర్డులు పోలీసులతో ఒప్పందం రద్దు చేశాయని ఒకరంటే, 2023లో తమ ఈస్ట్ హైస్కూల్‌లో కాల్పులు జరిగాక డెన్వర్ మళ్లీ తెచ్చుకుందని మరొకరు. అన్నీ నిజాలే. ఎవరి మనసూ మారలేదు.

ఆ సాయంత్రం ఒక నల్లజాతి తల్లి లేచి, ఈ భయం మీకు ఈ ఏడాది వచ్చింది, మాకు మా అమ్మల కాలం నుంచీ ఉంది అంది. 2015-16 విద్యా సంవత్సరానికి కేంద్ర విద్యాశాఖ లెక్కల్లో నల్లజాతి పిల్లలు విద్యార్థుల్లో 15 శాతం. పోలీసులకు అప్పగించిన, అరెస్టయిన పిల్లల్లో మాత్రం 31 శాతం. హాల్లో మన భారతీయ కుటుంబాలు చాలా ఉన్నాయి. స్కూల్లో పోలీసు వేరేవాళ్ల పిల్లల కోసం అనుకుంటూ వచ్చామని ఆ మాటకి కొందరి ముఖాల్లో కనబడింది. ఆమె మాటకి చప్పట్లు పడ్డాయి, సమావేశం ముగిసింది, ఏ నిర్ణయమూ జరగలేదు. ఉండాలా వద్దా అన్న ప్రశ్నకి ఆ రాత్రి జవాబు దొరికే అవకాశం లేదు. ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతున్నంతసేపు, వైస్ ప్రిన్సిపాల్ గదిలో కుర్చీలు అలాగే ఉన్నాయి.

పనిచేసినవి

థ్రెట్ అసెస్‌మెంట్ మళ్లీ మొదటినుంచి చేయమని టీముని అడిగాను. మొదటి రోజు జరిగింది విచారణ, అంచనా కాదు. రెండిటి ప్రశ్నలు వేరు. నువ్వు ఈ మెసేజ్ పెట్టావా, ఎందుకు పెట్టావు అన్నది విచారణ. ఈ పిల్లవాడు నిజంగా ఎవరికైనా హాని చేసే దారిలో ఉన్నాడా అన్నది అంచనా. వర్జీనియా యూనివర్సిటీలో డ్యూయీ కోర్నెల్ బృందం తయారుచేసిన పద్ధతిలో బెదిరింపుల్ని రెండుగా చూస్తారు. కోపంలోనో ఎగతాళిగానో వచ్చి, వివరణతో, క్షమాపణతో తేలిపోయేవి ఒక రకం. వెనక ఉద్దేశం, పథకం, ఆయుధం అందుబాటు లాంటివి ఉండి రక్షణ చర్యలు కోరేవి ఇంకో రకం. ఏ రకమో తేల్చాలంటే సందర్భం కావాలి. ఆ సందర్భమే ఫైల్లో లేదు.

స్క్రీన్‌షాట్ పైనా కిందా కత్తిరించి ఉంది. లాయర్ సలహాతో తల్లిదండ్రులు మొత్తం చాట్ ఇచ్చారు. ఆ రాత్రి ఆన్‌లైన్ గేమ్‌లో స్నేహితులు ఇతన్ని టీము నుంచి తీసేశారు. రేపు లంచ్‌లో మా టేబుల్ దగ్గరికి రావద్దన్నారు. దానికి జవాబుగా వచ్చింది ఆ మెసేజ్. కింద రెండు నిమిషాల తర్వాత ఇతనే, జోక్ చేశాను, ప్లీజ్ నన్ను మళ్లీ తీసుకోండి అని రాశాడు. టీచర్లతో, మిగతా పిల్లలతో, తల్లిదండ్రులతో విడివిడిగా మాట్లాడాం. పథకం లేదు, ఆయుధం లేదు, ఒక మనిషి మీద పగ లేదు. మొదటి రకమని టీము రాసింది.

ఈసారి నేను పెట్టిన షరతు ఒక్కటే. పిల్లవాడితో మాట్లాడేటప్పుడు ఆఫీసర్ గదిలో ఉండకూడదు. టీము మీటింగులో ఉండొచ్చు. మాకు తక్షణ ప్రమాదం కనబడితే ఆ నిమిషమే అతనికి చెబుతాం. లేదంటే ఇంటర్వ్యూ నోట్సు మా దగ్గరే ఉంటాయి. ఆఫీసర్ దీనికి అభ్యంతరం చెబుతాడేమో అనుకున్నాను. "నిజానికి ఆ రోజు కూడా నన్ను పిలవకపోతే నేను కూర్చునేవాణ్ని కాదు" అన్నాడు. ఆ మాట తర్వాత చాలా ఉపయోగపడింది.

మొత్తం చాట్, టీము నిర్ణయం, 504 ప్లాన్ వివరాలు లాయర్ జువెనైల్ ఆఫీసుకి పంపాడు. కోర్టులో పిటిషన్ వేయకుండానే వాళ్లు ఫైలు మూసేశారు. ఆల్టర్నేటివ్ స్కూల్‌కి మార్చే ప్రయత్నం కూడా ఆగింది. వైకల్యం ఉన్న పిల్లవాణ్ని పది స్కూలు రోజులు దాటి బయట ఉంచాలంటే, ఆ ప్రవర్తనకీ వైకల్యానికీ సంబంధం ఉందా అని ముందు సమావేశం పెట్టి తేల్చాలి. ఆలోచించకముందే చెయ్యి కదలడం ఏడీహెచ్‌డీలో మూల లక్షణం. మెసేజ్ పెట్టి రెండు నిమిషాల్లో వెనక్కి తీసుకోవడం దానికి సరిగ్గా సరిపోయింది.

ఫైలు మూసేశాకే స్కూలుకి రావడం మీద పని మొదలుపెట్టాను. ముందు కౌన్సెలర్ గది, తర్వాత ఒక పీరియడ్, తర్వాత లంచ్ వదిలేసి సగం రోజు. ఆఫీసర్‌ని తప్పించే దారి వెతకలేదు, మెయిన్ గేటు నుంచే రమ్మన్నాం. దానికి బదులు పిల్లవాడికి ఒక వాక్యం నేర్పాం: "సర్, నేను మా అమ్మతో మాట్లాడాక చెబుతాను." అద్దం ముందు, తర్వాత నాతో, తర్వాత నాన్నతో అదే వాక్యం. అమ్మమ్మకి ఇది నచ్చలేదు. "పెద్దవాళ్లు అడిగితే నోరు మూసుకోవడం ఏం మర్యాద?" అంది. సర్ అని పిలుస్తున్నాడు, అబద్ధం ఆడడం లేదు, అమ్మని అడిగి చెబుతానంటున్నాడు, ఇందులో అమర్యాద ఎక్కడుందమ్మా అన్నాను. కాసేపు ఆలోచించి, అయితే గట్టిగా చెప్పమను, గొణగొద్దని చెప్పు అంది. తర్వాత రోజూ సాయంత్రం ఆమే ప్రాక్టీసు చేయించింది. నా చికిత్సలో బాగా పనిచేసిన భాగం ఇదే. భయం తగ్గడానికి ధైర్యం చెప్పడం కన్నా, తన చేతిలో ఒక మాట ఉందని తెలియడం ఎక్కువ పనిచేసింది.

ఒప్పందం మార్పు

పోలీసు శాఖకీ డిస్ట్రిక్ట్‌కీ మధ్య ఒక ఒప్పంద పత్రం ఉంటుంది, ఎంఓయూ అంటారు. మా దాంట్లో ఆఫీసర్ జీతం ఎవరిస్తారు, కారు ఎక్కడ పెడతారు అన్నవి వివరంగా ఉన్నాయి. ఏ పనికి అతన్ని పిలవాలి, ఏ పనికి పిలవకూడదు అన్నది లేదు. కొందరు తల్లిదండ్రులు, ఇద్దరు టీచర్లు, నేను బోర్డుని ఒక్కటే కోరాం: ఆ ఏడాది స్కూలు సిబ్బంది ఆఫీసర్‌ని ఎందుకెందుకు పిలిచారో పేర్లు లేకుండా చూపించమని.

ఆ కాగితం చదివాక చర్చ మారింది. పిలుపుల్లో చాలా మటుకు ఫోన్ ఇవ్వనన్నందుకు, క్లాసు నుంచి లేచి వెళ్లినందుకు, టీచర్‌కి ఎదురు చెప్పినందుకు. ఆఫీసర్‌ని అక్కడ పెట్టిన కారణానికీ వీటికీ సంబంధం లేదు. పిలిచింది టీచర్లు, ఆఫీసు సిబ్బంది. వాళ్లనీ నేను తప్పు పట్టలేను. ఒక కౌన్సెలర్‌కి 250 మంది విద్యార్థులకు మించకూడదని అమెరికా స్కూల్ కౌన్సెలర్ల సంఘం చెబుతుంది. ఆ స్కూల్లో ఆ సంఖ్య ఎప్పుడో దాటిపోయింది. చేయి దాటిపోతున్న క్లాసులో పిలిస్తే నిమిషంలో వచ్చే మనిషి ఒక్కడే ఉన్నాడు, అతని నడుముకి తుపాకీ ఉంది.

పోలీసు కావాలన్నవాళ్లకి కూడా ఆ పట్టిక నచ్చలేదు. బయటి ప్రమాదం నుంచి కాపాడతాడని పెట్టుకున్న మనిషి ఫోన్లు లాక్కుంటూ తిరుగుతున్నాడేమిటని వాళ్లే అడిగారు. కొత్త ఒప్పందంలోకి మూడు సంగతులు వెళ్లాయి. క్రమశిక్షణ స్కూలు పని, దానికి ఆఫీసర్‌ని పిలవకూడదు. తక్షణ ప్రమాదం లేనప్పుడు, ఆఫీసర్ విద్యార్థిని ప్రశ్నించే ముందు తల్లిదండ్రులకి ఫోన్ వెళ్లాలి, వాళ్లు వచ్చేదాకా ఆగాలి. స్కూలు అధికారి ప్రశ్నిస్తున్న గదిలో ఆఫీసర్ కూర్చోకూడదు. మూడోదాని కోసం ఎక్కువ వాదన జరిగింది. వైస్ ప్రిన్సిపాల్స్ తమ భద్రత సంగతేమిటన్నారు. తలుపు బయట నిలబడొచ్చు అని తేలింది. ఇంత చిన్న సంగతికి అన్ని వారాలా అని నాకు అప్పుడప్పుడు విసుగొచ్చేది, కానీ ఈ కేసంతా ఆ తలుపు లోపలే మొదలైంది.

పిల్లల ఫైళ్ల విషయం కూడా సరిచేశారు. విద్యార్థి రికార్డుల్ని కాపాడే 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం, డిస్ట్రిక్ట్ తన స్కూలు అధికారిగా గుర్తిస్తే, విద్యకి సంబంధించిన అవసరం ఉంటే, ఆఫీసర్ కొన్ని రికార్డులు చూడొచ్చు. చూసింది అనుమతి లేకుండా పోలీసు శాఖకి పంపకూడదు. అత్యవసర ప్రమాదంలో మినహాయింపు ఉంది. 504 ఫైళ్లు తెరవాలంటే ఇకమీదట ప్రిన్సిపాల్ రాతపూర్వకంగా కారణం రాయాలి.

ఈ కేసు నుంచి నేను తీసుకున్నవి

ఇలాంటి కేసు వస్తే నేనిప్పుడు మొదట అడిగేది, మొదటి గంటలో ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారని. మెసేజ్‌లో ఏముందో ఆ తర్వాత చూస్తాను. మొదటి గంటలో పుట్టిన కాగితమే మిగతా అందరి చేతుల్లోకీ వెళుతుంది. అది వంకరగా పుడితే తర్వాత ఎంత మంచి అంచనా చేసినా దానితో కుస్తీ పట్టాల్సిందే.

స్కూలుకి సమయం ఉందా లేదా అన్నది ఇంకో ప్రశ్న. ఈ కేసులో మెసేజ్ రాత్రిది. పిల్లవాడు ఉదయం బ్యాగుతో స్కూల్లోకి వచ్చేశాడు. బ్యాగు చూశారు, ఏమీ లేదు. ఆ నిమిషం నుంచి తక్షణ ప్రమాదం లేదు. తల్లి ఆఫీసు నుంచి స్కూలుకి రావడానికి పట్టే సమయం ఆగడానికి అడ్డమేమీ లేదు. తొందర భయం నుంచి వచ్చింది, అవసరం నుంచి కాదు.

తల్లిదండ్రులకి నేనిప్పుడు చెప్పేది స్కూలు మొదలయ్యే ఆగస్టులోనే చెబుతాను. మీ డిస్ట్రిక్ట్ ఎంఓయూ అడిగి తీసుకుని చదవండి. చాలాచోట్ల అది పబ్లిక్ రికార్డు. నిబంధనలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి. ఉదాహరణకి కాలిఫోర్నియాలో 17 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసున్న పిల్లల్ని కస్టడీలో ప్రశ్నించే ముందు లాయర్‌తో మాట్లాడించడం తప్పనిసరి, అది వద్దని పిల్లలు అన్నా చెల్లదు. మీ రాష్ట్రంలో ఏముందో తెలుసుకోండి. పోలీసులు ఇంటికొచ్చి లోపల చూస్తామంటే, వారంటు గానీ అత్యవసర పరిస్థితి గానీ లేనప్పుడు మర్యాదగా వద్దనే హక్కు మీకుంది. ఈ తండ్రి తలుపు తీయడం వల్ల అతనికి నష్టం జరగలేదు, నిజమే. కానీ తీయక తప్పదనుకుని తీశాడు. ఎంచుకుని తీయడం వేరు.

మిగిలిపోయినవీ ఉన్నాయి. జువెనైల్ ఫైలు మూసినా పోలీసు శాఖ దగ్గర రిపోర్టు అలాగే ఉంది. దాన్ని సీల్ చేయించడానికి, అంటే ఇతరులు చూడకుండా మూయించడానికి, లాయర్ దరఖాస్తు పెట్టాడు, జవాబు ఇంకా రాలేదు. పిల్లవాడు పూర్తి రోజు స్కూలుకి వస్తున్నాడు, కానీ ఆ లంచ్ టేబుల్‌కి తిరిగి వెళ్లలేదు. వేరే పిల్లలతో కూర్చుంటున్నాడు. విద్యార్థి ఇంటికి వెళ్లే ముందు స్కూలుకి చెప్పాలి, అంగీకారం రాతలో తీసుకోవాలి అన్న నిబంధనని పోలీసు శాఖ ఒప్పుకోలేదు, అది తమ పరిధి అంది. ఒప్పందం మళ్లీ బోర్డు ముందుకి వచ్చినప్పుడు ఆ నిబంధనతోనే మొదలుపెట్టాలని మేము అనుకున్నాం. ఈసారి మాట్లాడేవాళ్ల జాబితాలో ఆ నల్లజాతి తల్లి పేరుతో పాటు ఈ పిల్లవాడి తండ్రి పేరు కూడా ఉంది.